చెన్నై–కొలంబో: టికెట్ మీద గంటన్నర, ఇంటి నుంచి లెక్కేస్తే తొమ్మిది గంటలు

“చెన్నై నుంచి కొలంబోకి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది?” అని అడిగారు.

దూరం అటూ ఇటూగా 650 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా ఇరవై నుంచి గంటన్నర దాకా వేస్తారు. గాలిలో చూస్తే మన వైజాగ్ కూడా ఇంచుమించు అంతే దూరం. వాచీ మార్చుకునే పని లేదు, 2006 నుంచి వాళ్ళ టైమూ మన టైమూ ఒకటే. కానీ ఆ గంటన్నరని నమ్ముకునే నేను మా అమ్మకి అన్యాయం చేశాను.

మా అక్క కాపురం కొలంబోలో, దెహివల దగ్గర. తొలి కాన్పు. “ఎంతసేపమ్మా, కాఫీ తాగేలోపు దిగుతాం” అంటూ అమ్మ ప్రయాణం వారం వాయిదా వేశాను. తీరా మేం బయల్దేరే రోజే అక్కకి నొప్పులు మొదలయ్యాయి.

పెరంబూరులో తెల్లవారుజామున ఐదింటికి కారెక్కాం. ఫ్లైట్ తొమ్మిదీ నలభైకి. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి మూడు గంటల ముందే రమ్మంటారు. కౌంటర్ దగ్గర ఒక లైను, ఇమిగ్రేషన్ దగ్గర ఇంకో లైను. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ముప్పావుగంట నిలబెట్టారు, ఆ లైనులో ఒక్క కుర్చీ లేదు. ఇది నాకు ఇప్పటికీ కోపమే. సెక్యూరిటీలో అమ్మ చేతిసంచీ తెరిచారు. శొంఠిపొడి, వాము, పథ్యం కారం వదిలేశారు. నేతి సీసా మాత్రం పక్కన పెట్టారు, వంద మిల్లీలీటర్లు దాటకూడదని. “బాలింతకమ్మా, ఇంట్లో కాచింది” అని తెలుగులోనే బతిమాలింది అమ్మ. ఆ అమ్మాయికి తెలుగు రాదు. రూలు రూలే, తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ సీసా పెద్ద పెట్టెలో సర్దాల్సింది నేను.

విమానంలో నిజంగానే ఎక్కువసేపు లేం. టీ కప్పు సగంలో ఉండగానే బెల్టులు పెట్టుకోమన్నారు. దిగింది కటునాయకలో, ఊరికి ముప్పై కిలోమీటర్ల పైనే. సామాను వచ్చి బయటపడేసరికి పన్నెండుంపావు. 2013లో వేసిన ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు పరిగెత్తింది, ఊళ్ళోకి రాగానే గాలె రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆస్పత్రి మెట్లెక్కేసరికి రెండు. పాప పుట్టి నలభై నిమిషాలైంది.

ఒకప్పుడు ఎగ్మూరులో బోట్ మెయిల్ ఎక్కి, ధనుష్కోడిలో దిగి, ఓడలో తలైమన్నార్ చేరి, మళ్ళీ రైలెక్కి కొలంబో వెళ్ళేవాళ్ళు. 1964 తుపానులో ధనుష్కోడి కొట్టుకుపోయింది. అది చాలా పెద్ద ప్రయాణమే, కాదనను. కానీ ఎంత పడుతుందో ఎక్కేవాళ్ళకి తెలిసే ఎక్కేవాళ్ళు. ఇప్పుడు టికెట్ల యాప్‌లు గాలిలో ఉండే సమయం ఒక్కటే పెద్దక్షరాల్లో చూపిస్తాయి. ఇంటి నుంచి ఇంటికి ఎంతో చూపించాలని నా గట్టి అభిప్రాయం. ఇంకోటి, ధర తక్కువుందని ముంబై మీదుగా వెళ్ళే టికెట్ మాత్రం కొనకండి. దక్షిణానికి పోవాల్సిన వాళ్ళు ముందు వెయ్యి కిలోమీటర్లు వాయవ్యానికి పోయి రావాలి, రోజంతా పోతుంది.

పెద్దవాళ్ళుంటే టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. నెయ్యి, ఊరగాయలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. కాన్పుకి వెళ్తున్నట్టయితే డాక్టరు చెప్పిన తేదీకి కనీసం మూడు వారాల ముందే అమ్మని అక్కడ దింపేయండి.