‘హన’ అనే పేరు: పువ్వా, హింసా?

సందేహం: మా మనుమరాలికి ‘హన’ అని పేరు పెట్టాలని కొడుకూ కోడలూ అనుకుంటున్నారు. వారు చూసిన పేర్ల జాబితాలో దానికి జపనీస్‌లో పువ్వు, అరబ్బీలో సంతోషం, హీబ్రూలో దయ అని మూడు అర్థాలు ఇచ్చారు. సంస్కృతంలో ‘హన్’ అంటే చంపడం కదా, పసిపిల్లకు ఆ పేరు తగునా? తెలుగులో హన అని రాయాలా, హనా అనా, హానా అనా?

సమాధానం: మీరు అడిగినవి రెండు ప్రశ్నలైనా ముడి మాత్రం ఒక్కచోటే ఉంది. ఆ జాబితా చెప్పినట్టు ఒక పేరుకు మూడు అర్థాలు లేవు. మూడు భాషల్లోని మూడు వేర్వేరు పేర్లు హ్రస్వదీర్ఘాల తేడా లేకుండా రోమన్ లిపిలో పడేసరికి ఒకేలా కనిపిస్తున్నాయి. మన లిపి ఆ తేడాను దాచదు కనుక, తెలుగులో రాయబోయినప్పుడు ఏ పేరు పెడుతున్నామో తేల్చుకోక తప్పదు.

జపనీస్ మాటలో రెండచ్చులూ హ్రస్వాలే, అది ‘హన’. ఆ భాషలో పువ్వునూ హన అంటారు, ముక్కునూ హన అంటారు. విడిగా పలికితే రెండూ ఒకటిగానే వినబడతాయి. వెనుక మన విభక్తి ప్రత్యయం వంటిది చేరినప్పుడు మాత్రం స్వరంలో తేడా తెలుస్తుంది. రాతలో అయితే పువ్వు అక్షరం వేరు, ముక్కు అక్షరం వేరు. అందువల్ల అక్కడి పేర్లలో అర్థం చాలావరకు చెవికి కాక కంటికి అందుతుంది. 2025 మే 26న అమలులోకి వచ్చిన సవరణకు ముందు, ఆ దేశపు కుటుంబ రిజిస్టరులో పేరును ఎలా పలకాలో నమోదు చేసే ఏర్పాటే లేదు, ఏ అక్షరాలతో రాస్తారో అదే నమోదయ్యేది. మనం తెలుగులో ‘హన’ అని రాయగానే ఆ పువ్వు అక్షరం జారిపోయి ధ్వని ఒక్కటే మిగులుతుంది. కాబట్టి ‘దీనికి అర్థం పువ్వు’ అనడం కంటే ‘జపనీస్‌లో పువ్వు అనే మాట నుంచి తీసుకున్నాం’ అనడం సరైన వాక్యం.

అరబ్బీ పేరులో రెండో అచ్చు దీర్ఘం, దాని చివర గొంతులో చిన్న ఆపు కూడా ఉంటుంది. ఆ ఆపును రాయడానికి మనకు అక్షరం లేదు కనుక ‘హనా’ అని రాస్తే చాలు. హీబ్రూ పేరులో నకారం ద్విత్వం, అది ‘హన్నా’. తెలుగు బైబిల్లో సమూయేలు తల్లి పేరు ఇలాగే కనిపిస్తుంది. ఈ పేరే గ్రీకులోకి వెళ్లి హకారం పోగొట్టుకుని ‘అన్న’ అయింది. దాన్ని ఆడపిల్లకు పెడితే మన ఇళ్లలో ఎంత గందరగోళమో చెప్పనక్కరలేదు. కొరియన్‌లో ‘హన’ అంటే ఒకటి అనే సంఖ్య. ఆ అర్థం మీ జాబితా వారికి ఎందుకో అందలేదు.

ఇక మీ అసలు భయం. సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘హన హింసాగత్యోః’ అని ఉంది, అంటే ఈ ధాతువుకు హింసతో పాటు గతి, అంటే కదలిక, అనే అర్థమూ ఉంది. హననం, హంతకుడు, హతుడు దీని సంతానమే. వ్యాకరణం ప్రకారం ‘చంపు’ అని ఆజ్ఞాపించే రూపం ‘జహి’. కానీ మాలామంత్రాలనే పొడవాటి మంత్రాలలో ‘హన హన’ అని తరచు వినబడుతుంది కనుక మీ చెవికి తోచినది నిరాధారమని అనను. అయితే అదే ధాతువు శత్రుఘ్నుడి పేరులో ఉంది, విఘ్నేశ్వరుడి పేరులోని విఘ్నంలో ఉంది. గట్టిదనం అనే అర్థంలో ‘ఘన’ శబ్దం కూడా హన్ ధాతువు నుంచే ఏర్పడుతుందని పాణిని సూత్రం చెబుతోంది. ఘనశ్యాముణ్ణి పిలిచేటప్పుడు హింస ఎవరికీ గుర్తుకు రాదు. పైగా జపనీస్ మాటకూ ఈ ధాతువుకూ ఏ చుట్టరికమూ లేదు. అర్థపరంగా దోషం లేదు. వినడానికి ఇంపుగా ఉందా లేదా అన్నది ఇంటివారి చెవులు తేల్చవలసినది, దానికి వ్యాకరణంతో పని లేదు.

జాబితాల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. వాటిలో ‘రేయాన్ష్’ అనే పేరుకు విష్ణువు అంశ అని అర్థం రాస్తున్నారు. అంశ సంస్కృతమే, కానీ విష్ణువనే అర్థంలో ‘రేయ’ అనే మాట సంస్కృత నిఘంటువుల్లో లేదు. తెలుగువాడు విడదీస్తే రేయిలో ఒక ముక్క అవుతుంది. రాయడమైనా ‘అంశ్’ అని నిండుసున్నతో రాయాలి. ‘ఆన్ష్’ అన్నది రోమన్ లిపిని చూసి తిరిగి రాసిన రూపం.

మీరు చెప్పిన ‘హానా’ కూడా అలా పుట్టినదే. పై భాషల్లో వేటిలోనూ తొలి అచ్చు దీర్ఘం కాదు, పైగా తెలుగులో అది ‘హాని’ని తలపిస్తుంది కనుక దాన్ని వదిలేయండి. మీవారు జపనీస్ పేరునే కోరుకుంటే ‘హన’ అని రాయించండి. సీతా శబ్దం తెలుగులో ‘సీత’ అయినట్టు మన స్త్రీల పేర్లు హ్రస్వాంతంగా ఉండడం అలవాటే కనుక హనకు, హనతో, హన వచ్చింది అని ఇబ్బంది లేకుండా వాడుకోవచ్చు. పిలిచేటప్పుడు ‘సీతా’ అన్నట్టే ‘హనా’ అని దీర్ఘం దానంతట అదే వస్తుంది. ఆ పిలుపు విని బడి రిజిస్టరులో దీర్ఘం రాయకుండా చూసుకోండి.