లోన్ ఇంకా రాలేదు, ఫోన్లు మాత్రం వస్తున్నాయి

బరంపురం నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు, భర్త బట్టల షాపులో లెక్కలు చూస్తారు. ఇద్దరి జీతాలూ కలిపి 62,000, ఇంటి ఖర్చు 26,000. ఫ్లాటు ధర 34 లక్షలు. 27 లక్షల హోమ్ లోన్ కోసం ఒక ఏజెంటుకి కాగితాలిచ్చారు. అది చాలదన్నట్టు, వడ్డీలు పోల్చి చూపించే వెబ్‌సైట్లో కూడా నంబరు ఇచ్చారు. ఇక మర్నాటి నుంచి ఒడియాలో, హిందీలో, తెలుగులో ఒకటే ఫోన్లు. ఒకతనైతే, "27 లక్షలే కదా మేడం, పైన 3 లక్షల పర్సనల్ లోన్ రెడీగా ఉంది, రేపే అకౌంట్లో పడుతుంది" అన్నాడట. ఆమె చేతిలో 6.5 లక్షలు, విడిగా 2 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌తో కలిపి కట్టాల్సింది మాత్రం 9.4 లక్షలు. ఈ ఫోన్లు ఆపేదెలా, ఆ 3 లక్షలు తీసుకోవచ్చా అని అడిగారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. తీసుకోవద్దు. 27 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు వాయిదా సుమారు 23,400. ఆ 3 లక్షలకు 15 శాతంతో మూడేళ్లకు ఇంకో 10,400. రెండూ కట్టి, ఇల్లు నడిపాక నెలాఖరుకు మీకు మిగిలేది 2,200. పిల్లాడికి జ్వరమొస్తే ఏం చేస్తారు? మళ్లీ ఇంకో లోనా? అవతలివాడు మీ నంబరు ఒక్కటే పట్టుకుని ఫోన్ చెయ్యలేదు, మీకు డబ్బు తక్కువైందన్న సంగతి కూడా తెలిసే చేశాడు. నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఈ కథే.

ఆ 2.9 లక్షల లోటుకి వేరే దారి ఉంది. 30 లక్షల లోపు హోమ్ లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. 30 లక్షలు అడగండి. వాయిదా సుమారు 26,000 అవుతుంది, మీ 6.5 లక్షలు మిగతాదానికి సరిపోతాయి, ఎఫ్‌డీ జోలికి వెళ్లక్కర్లేదు. బ్యాంకు ఒప్పుకోకపోతే తక్కువ ధరలో ఫ్లాటు చూడండి, లేదా ఏడాది ఆగండి.

ఆ ఎఫ్‌డీయే మీ అత్యవసర నిధి. ఇంటి ఖర్చు, వాయిదా కలిపి ఆరు నెలలకు 3.1 లక్షలు కావాలి, మీ దగ్గర 2 ఉన్నాయి. నెలకు మిగిలే 10,000 అందులోనే వేస్తే ఏడాది లోపు నిండుతుంది. అది నిండేదాకా కొత్త సోఫా, ఏసీ ఊసెత్తకండి. వేసవిలో జీతాలు ఎగ్గొట్టే ప్రైవేటు స్కూళ్ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక షాపులు ఎన్నాళ్లు మూసి ఉన్నాయో మీ ఆయన్ని అడిగి చూడండి.

ఇక ఫోన్ల సంగతి. చాలామందిలాగే మీరూ ఆధార్, పాన్, జీతం స్లిప్పు జిరాక్స్ షాపు వాట్సాప్‌కి పంపి ప్రింట్లు తీయించానని రాశారు. ఆ ఫైళ్లు ఇప్పటికీ ఆ షాపు ఫోన్లోనే ఉంటాయి. వెళ్లి మీ కళ్ల ముందే డిలీట్ చేయించండి. ఇకపై చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలన్నచోట అదే ఇవ్వండి. ప్రతి కాపీ మీద అడ్డంగా, అక్షరాల మీంచి పోయేలా, "ఫలానా బ్యాంకులో హోమ్ లోన్ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేసి సంతకం పెట్టండి. ఏజెంటు చేతికి కాకుండా బ్రాంచికే వెళ్లి ఇస్తే ఇంకా మంచిది. బస్సు చార్జీ కంటే ఎక్కువేం కాదు.

1909కి ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి సున్నా పెట్టి ఎస్సెమ్మెస్ పంపితే ప్రచార కాల్స్‌కి అడ్డుకట్ట పడుతుంది. ఐతే వెబ్‌సైట్లో "నన్ను సంప్రదించవచ్చు" అన్న గడిలో మీరే టిక్ పెట్టి ఉంటే, దాన్ని చూపించి చేస్తూనే ఉంటారు. ఆ సైట్లోకి వెళ్లి అనుమతి వెనక్కి తీసుకోండి. అయినా ఆగకపోతే, కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు 1909కే ఫిర్యాదు చేయండి.

మీ అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టును, ఆ లెక్కలు దాచే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి ఉచితంగా ఇస్తుంది. అందులో ఎంక్వైరీల పేజీ, అంటే మీ రిపోర్టు ఎవరెవరు తెప్పించుకున్నారో ఉండే పేజీ చూడండి. మీరు అడుగుపెట్టని కంపెనీ పేరు కనిపిస్తే, మీ కాగితాలు ఏజెంటు నలుగురికీ పంచి ఉండొచ్చు. బ్యూరోకి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం రావాలి. లోన్ ఇవ్వకముందే ఫైల్ చార్జీ పేరుతో యూపీఐలో డబ్బులు వేయమనేవాడు మాత్రం మోసగాడేనని అనుమానించండి. పొరపాటున వేసేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సంతకాల రోజు బ్యాంకులో లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టి, ఆ ప్రీమియం కూడా అప్పులోనే కలిపేయబోతారు. విడిగా టర్మ్ పాలసీ (గడువులోపు చనిపోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకుంటానని చెప్పండి, తీసుకోండి కూడా.