పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకు నాటితే పిల్లలకు అంచు ఎందుకు రాలేదు?

మీ తప్పేం లేదండి. నాలుగు ముక్కలు నాటారన్నారు, నలభై నాటినా ఇంతే.

నేనూ ఇలాగే టెన్షన్ పడ్డాను. మా పిన్ని వాళ్లింటి నుంచి ఒక్క ఆకు తెచ్చి, బెత్తెడేసి ముక్కలు కోసి ఇసుకలో గుచ్చాను. మూడు నెలలకు సూదిమొనల్లాంటి మొలకలు లేచాయి. అన్నీ ఆకుపచ్చ చారలే. పక్కనే పాత ముక్కకు మాత్రం పసుపు అంచు నిక్షేపంగా ఉంది! నర్సరీలో అడిగితే "ఎండలో పెట్టండి, అదే వస్తుంది" అన్నారు. మే నెలలో డాబా ఎక్కించాను. అంచు రాలేదు సరికదా, ఆకులు మాడాయి.

మీ దగ్గరున్న రకం లారెంటీ. దాని మొగ్గలో పత్రహరితం తయారుచేసే కణాలు, చేయలేని కణాలు పొరలుగా ఉంటాయి. చేయలేని పొర అంచు దగ్గర పసుపుగా కనిపిస్తుంది. పూర్ణం బూరె అనుకోండి. ఆకు కోసిన చోట కొత్త మొక్క లోపలి ఆకుపచ్చ కణాల్లోంచే పుడుతుంది. పూర్ణం మాత్రమే తీసి ఉండ చేస్తే దానికి తోపు ఎక్కడినుంచి వస్తుంది? దుంప నుంచి వచ్చే పిలకకైతే రెండు పొరలూ ఉంటాయి.

కాబట్టి తల్లి కుండీ బోర్లించి, వేళ్లున్న పిలకను దుంపతో సహా కోయండి. కోసిన చోట రెండు మూడు రోజులు ఆరనిచ్చి నాటండి. నీళ్లు తక్కువ పోయండి, కుళ్లిపోయేది అక్కడే.

ఒక్కోసారి తల్లి కుండీలోనే పూర్తి ఆకుపచ్చ పిలక వస్తుంది. దానికి బలం ఎక్కువ, మిగతావాటిని మింగేస్తుంది, వేరు చేసేయండి. పూర్తి పసుపు పిలక వస్తే మాత్రం తల్లినుంచి విడదీయకండి. సొంతంగా తిండి తయారుచేసుకోలేదు. ముచ్చటపడి ఒకటి విడదీసి చంపుకున్నాను.

ఇలా ఉన్నట్టుండి తేడాగా వచ్చే పిలకనే స్పోర్ట్ అంటారు. పూవులా విచ్చుకునే పొట్టి రకం హానీ ఉంది కదా, అది 1939లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఒక నర్సరీలో కనిపించిన స్పోర్టే. దానికి మళ్లీ పసుపు అంచుతో వచ్చిందే గోల్డెన్ హానీ. దాని ఆకు నాటినా మామూలు హానీయే వస్తుంది.

మీ పిల్లల్ని పారేయకండి. నావి ఇప్పుడు మెట్ల పక్కన నడుమెత్తు పెరిగాయి, పిన్ని మొక్క కంటే జోరుగా.