మంచు చిరుత కోసం వెళ్తున్న చిన్నాకి

చిన్నా,

నీ లడాఖ్ ప్లాన్ చూశాను. ఫిబ్రవరిలో ఏడు రోజులు. లేహ్‌లో ఒకటి, రుంబాక్‌లో రెండు, తర్వాత త్సో కార్, హాన్లే, పాంగాంగ్, మళ్లీ లేహ్, విమానం. మంచు చిరుత, తోడేలు, కియాంగ్ అనే అడవి గాడిద, నల్లమెడ కొంగ అన్నీ చూసెయ్యాలని కింద గీత కూడా గీశావు. పెళ్లి పిలుపులకి తిరిగినట్టుందిరా ఇది. ఏ ఇంట్లోనూ కూర్చోవు, బొట్టు పెట్టి బయటపడతావు.

ముందు ఆ కొంగల సంగతి తేల్చేద్దాం. ఫిబ్రవరిలో అవి అక్కడ ఉండవు. త్సో కార్, హాన్లే ఉన్న చాంగ్‌థాంగ్ మైదానాలకి వసంతంలో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని, చలి ముదరకముందే వెళ్లిపోతాయి. వాటిని చూడాలంటే జూన్, జులైల్లో వెళ్లాలి. మంచు చిరుతకి జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. పైన మంచు పేరుకుని భరల్ గొర్రెలు, ఐబెక్స్ మేకలు కిందికి దిగుతాయి, వాటి వెనకే అదీ దిగుతుంది. పైగా జతకట్టే కాలం కాబట్టి అరుస్తుంది, తిరుగుతుంది. ఒక్క ట్రిప్‌లో రెండూ కుదరవు, ఏదో ఒకటి ఎంచుకో. నువ్వు అడిగింది చిరుత గురించి కాబట్టి దాని గురించే రాస్తాను.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నీకంటే ఘోరంగా వెళ్లాను. ఒక ట్రావెల్స్ అతను ‘ఆరు రోజుల్లో మొత్తం చూపిస్తా మేడమ్’ అంటే సరేనన్నాను. దిగిన మర్నాడే ఎత్తైన కనుమ ఎక్కించారు. ఆ రాత్రంతా తల పగిలిపోయే నొప్పి, వాంతులు. తెల్లవారాక డ్రైవర్ బాబు నా మొహం చూసి, ఎవర్నీ అడక్కుండా బండి కిందికి తిప్పాడు. అతనే నన్ను కాపాడాడు. ఆ ట్రిప్ మొత్తంలో నేను చూసిన వన్యప్రాణి గెస్ట్ హౌస్ గోడమీద వాలిన మాగ్‌పై పిట్ట ఒక్కటే.

లేహ్ ఊరే దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. మన దగ్గర పీల్చే గాలితో పోలిస్తే అక్కడ అందే ఆక్సిజన్ మూడింట రెండొంతులే. విమానం దిగగానే హుషారుగానే ఉంటుంది, మోసం అక్కడే. రెండు పూర్తి రోజులు ఏమీ చెయ్యకు. తిను, నీళ్లు తాగు, పడుకో. మూడో రోజు బజారు దాకా నడువు. ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి ఇక్కడే డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడవని ఉంటే తప్పకుండా చెప్పు. కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా ఇంకో రాత్రి చూద్దాం అనకు. వెంటనే కిందికి దిగిపో.

ఇక రోజులు. పన్నెండు లేకపోతే వెళ్లకు. మూడు లేహ్‌లో, ఏడు ఒకే ఊళ్లో, రెండు చేతిలో ఉంచుకో. ఆ రెండూ దండగ అనుకోకు, మంచు కురిస్తే లేహ్ విమానాలు రద్దవుతాయి. ఏడు రోజులు ఒక్క ఊళ్లోనా అని నవ్వకు. చిరుత ఒక జంతువుని చంపితే మూడు నాలుగు రోజులు దాని దగ్గరే ఉంటుంది. నువ్వు రెండో రోజు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే, మూడో రోజు వచ్చే వార్త పక్కవాడిది. నేనైతే రుంబాక్ కన్నా ఉలే ఎంచుకుంటాను. రుంబాక్ హెమిస్ నేషనల్ పార్క్‌లో ఉంది, పేరున్న ఊరే, కానీ నడక ఎక్కువ. ఉలే దాకా బండి వెళ్తుంది, ఇంటి ముందు నుంచే కొండలు వెతకొచ్చు. నా మోకాళ్ల మాట అనుకో, నీకూ పనికొస్తుంది.

డబ్బు ఎక్కడైనా తగ్గించు గానీ స్పాటర్ దగ్గర, అంటే కొండల్లో జంతువుని వెతికి చూపించే మనిషి దగ్గర, మాత్రం తగ్గించకు. నేను తర్వాతోసారి వెళ్లినప్పుడు, ఉలేలో నాలుగో రోజు పొద్దున్నే మా స్పాటర్ కుర్రాడు స్కోప్ (దూరదర్శిని) బిగించి, ‘ఆంటీ, ఆ ఎర్ర బండకి ఎడమ, మంచు చార కింద’ అన్నాడు. చూస్తే అన్నీ రాళ్లే. నా ఊపిరి తగిలి అద్దం మీద తెల్లగా మంచు కట్టింది, శాలువా అంచుతో తుడిచాను. మళ్లీ రాళ్లే. ఊపిరి బిగబట్టి చూస్తుంటే అందులో ఒక రాయి నెమ్మదిగా తోక ఎత్తి, ముందుకాళ్ల మీద చుట్టుకుని మళ్లీ రాయైపోయింది. ఇంకో మూడు గంటలు చూశాం. అది ఎక్కువసేపు నిద్రపోయింది. మధ్యలో ఆ ఇంటావిడ ఉప్పు వేసిన వెన్న టీ తెచ్చి, తనూ ఒకసారి స్కోప్‌లో చూసి, ‘షన్’ అని నవ్వింది. వాళ్ల భాషలో మంచు చిరుత పేరు అదే. దొడ్లోకి దూరి గొర్రెల్ని చంపే జంతువుని చూసి ఆవిడ నవ్వగలుగుతోందంటే, మనలాంటివాళ్లు ఇచ్చే హోమ్‌స్టే డబ్బుకి అందులో వాటా ఉంది. హోటల్ వద్దు, ఊళ్లోనే ఉండు.

సామాను గురించి నీకు బాగానే తెలుసు, రెండు మూడే చెప్తాను. ఆ చలికి బ్యాటరీలు గంటలో చతికిలబడతాయి, పగలు లోపలి జేబులో, రాత్రి దుప్పట్లో నీతోపాటే ఉండాలి. బయటి నుంచి బుఖారీ పొయ్యి ఉన్న గదిలోకి వచ్చేముందు కెమెరాని కవర్లో పెట్టి మూతి బిగించు, లేకపోతే లెన్స్ లోపల చెమ్మ పట్టేస్తుంది. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పని చెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, ఈ మాట మీ అమ్మకి ముందే చెప్పు, లేకపోతే నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఆవకాయ వద్దు, నూనె గడ్డకడుతుంది. కందిపొడి పట్టుకెళ్లు, వాళ్ల తుక్పాలో (నూడుల్స్ సూప్) కలిపితే బావుంటుంది (నవ్వకు, కలిపి చూశాకే రాస్తున్నాను).

2024లో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో 718 మంచు చిరుతలున్నాయి, వాటిలో 477 లడాఖ్‌లోనే. సంఖ్య చూసి ధైర్యం తెచ్చుకోకు. అంత పెద్ద కొండల్లో అది చాలా చిన్న లెక్క. కనబడకపోవచ్చు. కనబడితే దగ్గరికి వెళ్దామని స్పాటర్‌ని వేధించకు. కిలోమీటరు అవతల చుక్కంత కనిపించినా చాలు.

హాన్లే, త్సో కార్ వేసవికి ఉంచు. అప్పుడు నేనూ వస్తాను. చలికాలంలో మన దక్షిణాది చెరువుల్లో వాలే తలమీద రెండు నల్లచారల బాతులు అక్కడి సరస్సుల దగ్గర పిల్లల్ని చేస్తాయి, వాటిని పుట్టింట్లో చూడాలని నాకెప్పటి నుంచో ఉంది. కియాంగ్‌లు జీపు పక్కనే పరిగెడతాయి, డ్రైవర్లకి వాటితో పందెం సరదా. ఆ పల్చటి గాలిలో వాటిని ఉరికించడం పాపం, ముందే వద్దని చెప్పాలి.

టికెట్లు కొనేముందు ఒకసారి ఫోన్ చెయ్. నా బైనాక్యులర్ తీసుకెళ్లు, కొత్తది కొనకు. కుడి కన్ను దగ్గరి చక్రం కాస్త బిగుతు, బలంగా తిప్పితే ఊడి వస్తుంది జాగ్రత్త.

మీ పెద్దమ్మ