గ్యాస్ మాత్ర అట్ట ఒకసారి తిప్పి చూడండి

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, ఒక బాబు. ఉగాది నుంచి పీరియడ్స్ ఆగిపోయాయి. కిట్‌తో చూసుకుంటే ఒకటే గీత. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు ఐదు రోజులు వేసుకుంటే ఒకసారి వచ్చి, మళ్లీ రెండు నెలలుగా లేదు. అత్తయ్య రోజూ నువ్వులుండలు, బొప్పాయి పెడుతున్నారు. నాకు గ్యాస్ తప్ప వేరే జబ్బు లేదు, దానికి ఏడాదిగా పరగడుపున మాత్ర వేసుకుంటున్నా. ఈమధ్య రొమ్ములు నొక్కితే తెల్లగా పాలలాంటివి వస్తున్నాయి. భయంగా ఉంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: చివర రాసిన రెండు మాటలే అసలు సంగతమ్మా. ఆ గ్యాస్ మాత్ర అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. పాంటప్రజోల్, రాబెప్రజోల్ పక్కన డొంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ ఉంటే నా అనుమానం దానిమీదే. ఇవి పొట్టను త్వరగా ఖాళీ చేయిస్తాయి, పనిలో పనిగా ప్రొలాక్టిన్ హార్మోన్‌నీ పెంచుతాయి. బాలింతకు పాలు పడేది దానివల్లే. అది పెరిగితే అండం విడుదల కాదు, నెలసరి రాదు. కొద్ది రోజులకని రాసిచ్చిన చీటీ చూపించి ఏడాదిపాటు కొనుక్కునేవాళ్లు మా ఓపీకి వస్తూనే ఉంటారు.

షాపువాళ్లు ఇచ్చింది ప్రొజెస్టరాన్ రకం మాత్ర అయ్యుంటుంది. అది ఆపగానే గర్భసంచి లోపొర ఊడి బ్లీడింగ్ అయింది, అంతే. కారణం ఎక్కడిదక్కడే ఉంది. నువ్వులుండలు ఇష్టమైతే తినండి, అత్తయ్యను నొప్పించక్కర్లేదు. నెలసరిని మాత్రం అవి రప్పించవు.

ముందు మళ్లీ ఒకసారి కిట్‌తో చూసుకోండి. తర్వాత ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పేది) రక్తపరీక్షలు చేయించండి. థైరాయిడ్ మందగించినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. నిద్ర లేచాక రెండు గంటలు ఆగి, కాసేపు స్థిమితంగా కూర్చుని రక్తం ఇవ్వండి. పాలు వస్తున్నాయా అని పదేపదే నొక్కుకోకండి, దానివల్లా పెరుగుతుంది. ప్రొలాక్టిన్ మామూలుగా మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల (ng/mL) లోపు ఉంటుంది. ఎక్కువ వస్తే, మీ డాక్టరును అడిగి ఆ గ్యాస్ మాత్ర మార్పించుకోండి. కారణం అదే అయితే చాలామందికి కొద్ది వారాల్లో అంతా సర్దుకుంటుంది.

మాత్ర మానేసినా తగ్గకపోతే, లేదా తలనొప్పి, పక్కచూపు తగ్గడం ఉంటే మెదడు అడుగున ఉండి ప్రొలాక్టిన్‌ను తయారుచేసే పిట్యూటరీ గ్రంథికి ఎంఆర్ఐ తీయాలి. అక్కడ చిన్న గడ్డ ఉన్నా కంగారు పడకండి, చాలావరకు కాబెర్గోలిన్ మాత్రలతోనే కరుగుతుంది. ప్రొలాక్టిన్, థైరాయిడ్ రెండూ బాగుంటే అప్పుడు పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) కోసం స్కానింగ్ చూద్దాం. రొమ్ము నుంచి నెత్తురు వచ్చినా, గడ్డ తగిలినా ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే చూపించుకోండి.

ఇంకో మాట. మందు మానాక నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది. ఇప్పట్లో రెండో కాన్పు వద్దనుకుంటే ఆ రోజు నుంచే జాగ్రత్త పడండి.