ముందు కళ్ళ సంగతి చూసుకో

చిరంజీవి కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

మనిషి ధ్యాస ఎడమవైపు ఉందో కుడివైపు ఉందో మెదడు తరంగాల్లో పట్టుకునే ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. నా సర్వీసంతా మెదడు తరంగాల్ని గీతలుగా గీసే ఈఈజీ మిషన్ల దగ్గరే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మన విశాఖ ఉక్కపోత నీకు తెలిసిందే. చెమట పడితే గీత మెల్లగా పైకీ కిందకీ తేలిపోతుంది, గదిలో ఏసీ ఉండాల్సిందే. కొబ్బరినూనె ఉన్న తలకి ఎలక్ట్రోడ్, అంటే సిగ్నల్ అందుకునే చిన్న లోహపు బిళ్ళ, సరిగ్గా అంటదు. వచ్చేవాళ్ళకి ముందురోజే ఫోన్ చేసి, తలంటుకుని నూనె రాయకుండా రమ్మను. జుట్టు పాయ తీసి, చర్మం కనిపించాకే జెల్ వెయ్యి. ఎక్కువేస్తే పక్క ఎలక్ట్రోడ్‌తో కలిసిపోయి రెండూ ఒకే గీత గీస్తాయి. కరెంటు 50 హెర్ట్జ్ హోరు ఫిల్టర్‌తో పోతుంది, దానికి టెన్షన్ వద్దు.

అసలు భయం కళ్ళతోనే. ధ్యాస ఎడమవైపు పెడితే తల వెనక కుడి భాగంలో ఆల్ఫా, అంటే సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే తరంగం, తగ్గుతుంది. కుడివైపు పెడితే ఎడమ భాగంలో. నీకు కావలసింది ఈ సన్నని తేడా. కనుగుడ్డేమో చిన్న బ్యాటరీ లాంటిది, ముందువైపు ప్లస్. అది పక్కకి తిరిగితే ఆ వోల్టేజి మెదడు సిగ్నల్‌ని ముంచేస్తుంది. ఒకసారి ధ్యాస ఎటుందో కంప్యూటర్ దాదాపు ప్రతిసారీ సరిగ్గా చెబుతుంటే మూడు వారాలు సంబరపడ్డాను. కళ్ళకి దగ్గరగా నుదుటి పక్కనుండే ఎఫ్7, ఎఫ్8 ఎలక్ట్రోడ్లు తీసేశాను, అంతే, బొమ్మా బొరుసూ వేసినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకని రెండు కళ్ళ పక్కనా ఎలక్ట్రోడ్లు పెట్టు. చూపు తెర మధ్య గుర్తు మీదే ఉండాలి. చూపు పక్కకి జరిగిన ట్రయల్స్ మొహమాటపడకుండా తీసేయి. కళ్ళ సిగ్నల్ ఒక్కటే ఇచ్చి చూడు, దానితోనే ఎడమా కుడీ తెలిసిపోతుంటే అక్కడే ఆగు.

ధ్యాస ఎటు పెట్టాలో చెప్పడానికి తెర మీద బాణాలు వద్దు. రెండు బాణాలూ కంటికి వేరు బొమ్మలు, కంప్యూటర్ ఆ బొమ్మనే గుర్తుపట్టేస్తుంది. సన్న శబ్దం, బొంగురు శబ్దం వాడి, సగంలో వాటి అర్థాలు తారుమారు చెయ్యి. కంప్యూటర్‌కి ఒకరోజు రికార్డుతో నేర్పి, మర్నాటి రికార్డు మీద పరీక్షించు.

ఇంకోటి. కుడి అనగానే అన్నం తినే చెయ్యి కాస్త కదిపి చూసుకునేవాళ్ళు మనలో చాలామంది. ఆ కదలిక తల ఎడమవైపుండే సీ3 ఎలక్ట్రోడ్ దగ్గర కనిపిస్తుంది. చేతులు ఒళ్ళో పెట్టించి, వేళ్ళ మీద ఓ కన్నేసి ఉంచు.

ఆదివారం ఇంటికి రా. మొదటి రికార్డింగ్ ఫిల్టర్ చెయ్యకుండా తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య