బుధవారం కూడికకు నలుగురే వస్తున్నారు, ఆపేయాలా? – సమాధానం

వందనాలు బ్రదర్. నలుగురే వస్తున్నారని బుధవారం ప్రార్థన ఆపేసి, ఆ సమయం పల్లె సువార్తకు ఇద్దామా అని అడిగారు. దయచేసి ఆపకండి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 13లో అంతియొకయ సంఘం ఉపవాసముండి ప్రార్థించాకే బర్నబాను, సౌలును (పౌలును) సువార్త పనికి పంపింది. మన పక్కనే ఒంగోలులో 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు కొండెక్కి ప్రార్థించినప్పుడు కూడా వెంట ఉన్నది గుప్పెడుమందే.

గుంటూరులో మా సంఘానికీ ఇదే ఇబ్బంది వచ్చింది. ప్రసంగం తగ్గించి, చాప మధ్యలో ఒక నోట్‌బుక్ పెట్టాం. మిర్చి యార్డులో పనికెళ్లే అక్క కొడుకు జ్వరం, పల్లెలో కొత్తగా వాక్యం విన్న కుటుంబం, అన్నీ అందులో రాసి తలా ఒక పేరు పంచుకునేవాళ్లం. జవాబు వచ్చిన రోజు పక్కన తేదీ వేసేవాళ్లం. పనివాళ్లు ఇల్లు చేరాలి కదా, టైమ్ ఏడున్నరకి మార్చి చూడండి. పల్లెకి ఆ నలుగురే వెళ్లినా సరే, అక్కడి వాళ్ల పేర్లు పెట్టి ప్రార్థించాకే బయల్దేరండి.